ప్రోటీన్ ఎక్కువుందని పప్పు, గుడ్లు మానేశాను.. గొంతు వాపు తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 39. శ్రీకాకుళం జిల్లాలో టీచర్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్లుగా గొంతు ముందు భాగంలో వాపు ఉంది. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బంది లేదు. స్కానింగ్‌లో థైరాయిడ్ రెండు వైపులా పెరిగిందని, కుడివైపు 1.8 సెంటీమీటర్ల గడ్డ ఉందని, టైరాడ్స్ 3 అని రాశారు. 3వ తేదీన సూది పరీక్ష చేస్తే బెథెస్డా 2 అని వచ్చింది. ఎందుకైనా మంచిదని 8వ తేదీన ఒక ల్యాబ్ ప్యాకేజీలో రక్తపరీక్షలన్నీ చేయించుకున్నాను. టీఎస్‌హెచ్ 3.2, ఫ్రీ టీ4 1.2 నార్మల్. కానీ టోటల్ టీ4 13.8, యాంటీ టీపీఓ 410, థైరోగ్లోబ్యులిన్ 118, గ్లోబ్యులిన్ 4.0 అని బోల్డ్ అక్షరాల్లో వచ్చాయి. టోటల్ ప్రోటీన్ 8.1, ఆల్బుమిన్ 4.1. 'ఒంట్లో ప్రోటీన్ పేరుకుపోయింది, అదే గొంతులో వాపుగా వచ్చింది, పప్పు, గుడ్లు, మాంసం మానేయండి' అని తెలిసినాయన ఒకరు చెప్పారు. రెండు నెలలుగా చారన్నం, మజ్జిగన్నంతోనే నెట్టుకొస్తున్నాను. వాపు తగ్గలేదు, నీరసం మొదలైంది. థైరోగ్లోబ్యులిన్ పెరిగితే క్యాన్సర్ అని ఫోన్‌లో చదివి నిద్ర పట్టడం లేదు. నెలసరి కోసం ఏడాదిగా లెవోనార్జెస్ట్రెల్, ఎథినైల్ ఎస్ట్రాడయాల్ ఉన్న మాత్ర వాడుతున్నాను. మా అమ్మకు కూడా థైరాయిడ్ ఉంది. మా అమ్మాయికి 14 ఏళ్లు. తనకీ ఈ పరీక్షలన్నీ చేయించాలా?

సమాధానం: అమ్మా, ఈ పూట నుంచే పప్పు, గుడ్డు తినడం మొదలుపెట్టండి. మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం. మీ లేఖలో నన్ను కలవరపెట్టింది బోల్డ్ అక్షరాల్లో వచ్చిన అంకెలు కాదు, రెండు నెలలుగా చారన్నంతో నెట్టుకొస్తున్నానన్న మాట. ఆ నీరసం థైరాయిడ్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్, ఫ్రీ టీ4 రెండూ హద్దులో ఉన్నాయంటే మీ గ్రంథి ఒంటికి కావలసినంత హార్మోన్ ఇస్తోందనే అర్థం. రోజంతా క్లాసులో నిలబడే మనిషి ప్రోటీన్ లేని తిండి తింటే నీరసం రాక ఏమవుతుంది!

మనం తిన్న పప్పు పప్పుగా రక్తంలోకి వెళ్లదు. అందులోని ప్రోటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఒళ్లు వాటిని తనకు కావలసిన చోట, కావలసిన తీరులో మళ్లీ కూర్చుకుంటుంది. మీ రిపోర్టులో ఉన్న ఆల్బుమిన్‌ను తయారు చేసేది కాలేయం. గ్లోబ్యులిన్లలో కొన్నిటిని కాలేయం, కొన్నిటిని రోగనిరోధక కణాలు చేస్తాయి. థైరోగ్లోబ్యులిన్ అయితే థైరాయిడ్ గ్రంథి సొంత సరుకు. ఒక్కోటి ఒక్కో చోట పుడుతుంది, ఒక్కో కారణానికి పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పప్పు ఎక్కువ తింటే వీటిలో ఏదీ పెరగదు, మానేస్తే గొంతు వాపు కరగదు. పైగా మీ టోటల్ ప్రోటీన్ 8.1. చాలా ల్యాబుల హద్దు డెసిలీటరుకు 6 నుంచి 8.3 గ్రాముల వరకు ఉంటుంది. 'పేరుకుపోయింది' అని ఆయన ఏ అంకె చూసి అన్నారో గానీ, మీ రిపోర్టులో అలాంటిదేమీ లేదు.

ఇప్పుడు ఆ బోల్డ్ అంకెలను ఒక్కొక్కటే చూద్దాం. అన్నిటికంటే తేలిగ్గా తేలిపోయేది టోటల్ టీ4.

థైరాయిడ్ నుంచి వచ్చే టీ4 హార్మోన్ రక్తంలో ఒంటరిగా తిరగదు. దాదాపు అంతా మూడు ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. నాలుగింట మూడు వంతుల దాకా మోసేది థైరాక్సిన్ బైండింగ్ గ్లోబ్యులిన్. దాన్ని టీబీజీ అంటారు. మిగిలిన దాన్ని ట్రాన్స్‌థైరెటిన్, ఆల్బుమిన్ పంచుకుంటాయి. ఏ ప్రోటీన్‌కూ అంటుకోకుండా విడిగా ఉండే టీ4 ఎంతో తెలుసా? పదివేలలో రెండు మూడు వంతులు, అంతే. కణాల్లోకి వెళ్లి పనిచేసేది ఆ కాస్తే. గాదెలో ధాన్యం ఎంతున్నా ఆ పూట ఆకలి తీర్చేది కుండలో ఉడికిన అన్నమే కదా. టోటల్ టీ4 గాదెనూ కుండనూ కలిపి లెక్కపెడుతుంది. ఫ్రీ టీ4 కుండలోది మాత్రమే చెబుతుంది. మీ ఫ్రీ టీ4 1.2. చక్కగా ఉంది.

మరి గాదె ఎందుకు నిండింది? మీరు రాసిన ఆ మాత్రలోనే జవాబుంది. ఎథినైల్ ఎస్ట్రాడయాల్ అంటే ఈస్ట్రోజెన్. అది ఒంట్లోకి వెళ్తే టీబీజీ రక్తంలోంచి త్వరగా తొలగిపోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. మోసే ప్రోటీన్ పెరిగితే దానికి అంటుకున్న టీ4 కూడా పెరుగుతుంది. గర్భిణుల్లోనూ ఇదే జరుగుతుంది. వాళ్లలో టోటల్ టీ4 మామూలు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, అది జబ్బు కాదు. మీ మాత్ర పేరు రాయకపోయుంటే ఈ ముడి ఇంత సులువుగా విడిపోయేది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్లమని చెప్పేది ఇందుకే. నెలసరి మాత్రకు థైరాయిడ్‌తో సంబంధం లేదనుకుని చాలామంది దాని సంగతి చెప్పరు.

ఈ టీ4 కోసం ఆ మాత్ర మానాల్సిన పని లేదు. మానాలో వద్దో మీ గైనకాలజిస్టు వేరే కారణాలు చూసి చెబుతారు. ఇది చదివే మరికొందరికి మాత్రం ఒక జాగ్రత్త అవసరం. థైరాయిడ్ తక్కువై ఇప్పటికే లెవోథైరాక్సిన్ వేసుకుంటున్నవాళ్లు కొత్తగా ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెడితే, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. డోసు పెంచాల్సి రావచ్చు.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. కొందరికి, ఎక్కువగా మగవాళ్లకు, పుట్టుకతోనే టీబీజీ తక్కువగా ఉంటుంది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చే లక్షణం. వాళ్ల టోటల్ టీ4 ఎప్పుడు చూసినా తక్కువే. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 బాగుంటాయి. వాళ్లకు ఏ జబ్బూ లేదు, ఏ మందూ అక్కర్లేదు. ఆ ఒక్క అంకె చూసి మాత్ర రాయించుకుంటే లేని జబ్బుకు మందు తిన్నట్టే. నిజానికి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేస్తున్నప్పుడు చాలామందికి టోటల్ టీ4 చేయించాల్సిన అవసరమే లేదు. ప్యాకేజీలో ఉంది కాబట్టి వస్తుంది. 1950, 60లలో ఫ్రీ టీ4 కొలిచే దారి లేక, ప్రోటీన్లకు అంటుకున్న అయోడిన్‌ను కొలిచి థైరాయిడ్ పనితీరు అంచనా వేసేవారు. పీబీఐ అనేవారు దాన్ని. గర్భిణులకు చేస్తే ఆ అంకె పెరిగే కనిపించేది. ఆ ఇబ్బందులు తప్పించడానికే కదా మెరుగైన పరీక్షలు వచ్చాయి!

ఇక మీ నిద్ర చెడగొట్టిన థైరోగ్లోబ్యులిన్.

థైరాయిడ్ గ్రంథిని మైక్రోస్కోప్ కింద చూస్తే చిన్న చిన్న గుండ్రటి సంచులు కనిపిస్తాయి. వాటి నిండా జిగురులాంటి ద్రవం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఈ థైరోగ్లోబ్యులినే. చాలా పెద్ద ప్రోటీన్ ఇది. అయోడిన్ వచ్చి అతుక్కునేది దీని మీదే, టీ3, టీ4 రూపు దిద్దుకునేది కూడా దీని మీదే. హార్మోన్ కావలసినప్పుడు గ్రంథి ఈ ప్రోటీన్‌ను లోపలికి తీసుకుని, ముక్కలు చేసి, టీ3, టీ4ను రక్తంలోకి వదులుతుంది. ఆ పనిలో కాస్త థైరోగ్లోబ్యులిన్ కూడా బయటికి జారుతుంది. అది అందరి రక్తంలోనూ ఉంటుంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్న మనిషిలో ఒక గ్రాము థైరాయిడ్ కణజాలానికి మిల్లీలీటరు రక్తంలో సుమారు ఒక నానోగ్రాము అని ఒక మోటు లెక్క. మామూలు గ్రంథి బరువు 15, 20 గ్రాములు. పెరిగిన గ్రంథి దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అంటే గ్రంథి ఎంత పెద్దదైతే ఈ అంకె అంత పెరుగుతుంది. గొంతు వాపు ఉన్నవాళ్లకు థైరోగ్లోబ్యులిన్ ఎక్కువ రావడం వింత కాదు, రాకపోతేనే వింత. క్యాన్సర్ కాని గడ్డలున్నా పెరుగుతుంది, అయోడిన్ చాలకపోయినా పెరుగుతుంది, గ్రంథి వాచి మంట పుట్టినా పెరుగుతుంది. క్యాన్సర్‌లోనూ పెరగవచ్చు. ఇన్నిటిలో పెరిగే అంకె క్యాన్సర్ ఉందో లేదో ఎలా చెబుతుంది? చెప్పలేదు. అందుకే గ్రంథి ఒంట్లో ఉండగా క్యాన్సర్ కనిపెట్టడానికి ఈ పరీక్ష వాడరు.

మీరు ఫోన్‌లో చదివింది పూర్తిగా అబద్ధమేమీ కాదు, కానీ అది వేరేవాళ్ల సంగతి. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేసిన వాళ్లకు ఈ పరీక్ష ప్రాణంతో సమానం. గ్రంథే లేనప్పుడు ఆ ప్రోటీన్ కనిపించకూడదు. కనిపించి, పెరుగుతూ పోతే జబ్బు ఎక్కడో మిగిలిందనో, తిరిగొచ్చిందనో అనుమానించాలి. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకెను, గ్రంథి నిక్షేపంగా ఉన్న మీకు వర్తింపజేస్తే భయం తప్ప మిగిలేదేముంది?

మీ తేదీలు కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 3వ తేదీన సూది గుచ్చారు. 8వ తేదీన రక్తం ఇచ్చారు. సూది దిగినప్పుడు ఆ సంచులు కొన్ని చిట్లి, లోపలి థైరోగ్లోబ్యులిన్ రక్తంలో కలుస్తుంది. అది మళ్లీ పాత స్థాయికి దిగడానికి వారాలు పడుతుంది. అందుకే సూది పరీక్ష తర్వాత కొన్ని వారాల దాకా ఈ రక్తపరీక్ష చేయకూడదంటారు. మీ 118లో గ్రంథి సైజు వాటా ఎంత, సూది వాటా ఎంత అనేది విడదీయలేం. విడదీయాల్సిన అవసరమూ లేదు. మరో మాట, యాంటీ థైరోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీలు రక్తంలో ఉంటే ఈ పరీక్షే తప్పు చూపిస్తుంది, చాలా పద్ధతుల్లో ఉన్నదానికంటే తక్కువగా. అవి మీకు కొలిచినట్టు లేదు. దయచేసి థైరోగ్లోబ్యులిన్ మళ్లీ చేయించకండి. తగ్గితే ఒక ఆనందం, పెరిగితే ఒక ఏడుపు, రెండింటికీ అర్థం లేదు.

మీ గడ్డ గురించి నిజంగా చెప్పగలిగినవి స్కానింగ్, సూది పరీక్ష. రెండూ మంచి మాటే చెప్పాయి. బెథెస్డా 2 అంటే క్యాన్సర్ కణాలు కనిపించలేదని. ఈ ఫలితం వచ్చాక కూడా క్యాన్సర్ బయటపడే అవకాశం చాలా తక్కువ. టైరాడ్స్ అంటే స్కానింగ్‌లో కనిపించిన తీరును బట్టి గడ్డకు వేసే గ్రేడు. అమెరికా రేడియాలజీ కాలేజీ పద్ధతిలో టైరాడ్స్ 3 గడ్డకు 2.5 సెంటీమీటర్లు దాటితే గానీ సూది అడగరు. ఒకటిన్నర దాటితే స్కానింగ్‌తో గమనిస్తూ ఉండమంటారు. మీది 1.8. ఏడాదికి ఒకసారి స్కానింగ్ చేయించుకుంటే సరిపోతుంది. వీలైతే అదే సెంటర్‌లో చేయించుకోండి, పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూడమని అడగండి.

యాంటీ టీపీఓ 410 మాత్రం పట్టించుకోవాల్సినదే. టీపీఓ అనేది థైరాయిడ్‌లో హార్మోన్ తయారీకి అవసరమైన ఎంజైమ్. మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారు చేస్తుంది. జపాన్ డాక్టర్ హకారు హషిమోటో 1912లో వర్ణించిన జబ్బు ఇదే, ఆయన పేరుతోనే హషిమోటో థైరాయిడైటిస్ అంటున్నాం. గ్రంథిలోకి లింఫోసైట్లనే రోగనిరోధక కణాలు వచ్చి చేరతాయి, గ్రంథి గట్టిపడి పెరుగుతుంది. మీ గొంతు వాపుకు ఇది ఒక కారణం కావచ్చు. మీ అమ్మగారికి థైరాయిడ్ ఉందన్నారు కాబట్టి ఇంకా నమ్మబుద్ధేస్తుంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, ఆడవాళ్లలో ఎక్కువ.

యాంటీబాడీలు కూడా ప్రోటీన్లే. అవి గ్లోబ్యులిన్ల లెక్కలోకే వస్తాయి. మీ గ్లోబ్యులిన్ 4.0 కావడానికి ఈ థైరాయిడ్ గొడవ కొంత కారణం కావచ్చు. హషిమోటో ఉన్న కొందరిలో గ్లోబ్యులిన్లు కాస్త పెరుగుతాయి. నెలసరి మాత్ర కూడా కొన్ని గ్లోబ్యులిన్లను కొద్దిగా పెంచుతుంది. అయినా అంతా థైరాయిడ్ మీదే తోసేసి ఊరుకోవడం నాకిష్టం లేదు. గ్లోబ్యులిన్ పెరగడానికి కాలేయ జబ్బులు, క్షయలాంటి దీర్ఘకాల ఇన్ఫెక్షన్లు, కీళ్ల జబ్బుల్లాంటి ఇతర ఆటోఇమ్యూన్ సమస్యలు, అరుదుగా రక్తకణాల జబ్బులు కారణమవుతాయి. మీకు ఆల్బుమిన్ 4.1 బాగుంది, కాలేయం దాన్ని చక్కగానే చేస్తోంది. కాబట్టి కంగారు లేదు. రెండు మూడు నెలల తర్వాత టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ ఒక్కసారి తిరిగి చేయించండి. ఆ ఉదయం మంచినీళ్లు బాగా తాగి వెళ్లండి. ఒంట్లో నీరు తగ్గితే ప్రోటీన్లు చిక్కబడి ఎక్కువగా కనిపిస్తాయి. చేతికి బిగించిన పట్టీ ఎక్కువసేపు అలాగే ఉంచినా అంతే. అప్పటికీ గ్లోబ్యులిన్ తగ్గకపోతే మీ ఫిజీషియన్‌ను అడిగి కాలేయ పరీక్షలు, ఒంట్లో మంట ఉందేమో చూపే ఈఎస్‌ఆర్, సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించుకోండి. రకరకాల యాంటీబాడీలు కలిసి పెరిగాయా, లేక ఒకే రకం పెరిగిందా అనేది ఆ ఆఖరి పరీక్షలో తేలుతుంది. మొదటిదైతే మంటో ఇన్ఫెక్షనో అని వెతుకుతాం, రెండోదైతే రక్తజబ్బుల డాక్టర్‌కు చూపిస్తాం.

యాంటీ టీపీఓ మళ్లీ మళ్లీ చేయించాల్సిన పని లేదు. 410 కాస్తా 300 అయినా, 600 అయినా వైద్యం మారదు. మారేది టీఎస్‌హెచ్‌ను బట్టి. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ప్రాంత ప్రజలను 20 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి 100 మందిలో సుమారు ఇద్దరికి హార్మోన్ తగ్గుతుందని అందులో తేలింది. కాబట్టి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోండి. మళ్లీ గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పి చూపించుకోండి. ఇప్పుడు మాత్రం మీకు లెవోథైరాక్సిన్ అవసరం లేదు. వాపు తగ్గుతుందని ఎవరైనా ఆ మాత్ర పెద్ద డోసులో రాస్తే ఎందుకని అడగండి. ఒకప్పుడు అలా ఇచ్చేవారు. గడ్డ పెద్దగా తగ్గదు, గుండె దడ, ఎముకలు గుల్లబారడం మాత్రం వస్తాయి.

ఒక ప్రశ్న మీ లేఖలో లేదు, నేనే అడుగుతున్నాను. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలేమైనా వాడుతున్నారా? చాలా ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ పరీక్షను తికమక పెడుతుంది. టీ4ను లేనంత ఎక్కువగా, టీఎస్‌హెచ్‌ను, థైరోగ్లోబ్యులిన్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

థైరాయిడ్ పెరిగిన వాళ్లలో రక్తంలోని ప్రోటీన్లు నిజంగా దెబ్బతినే సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. గ్రేవ్స్ జబ్బులో గ్రంథి పెరిగి హార్మోన్ పొంగిపొర్లుతుంది. అప్పుడు ఒళ్లు తన కండరాల ప్రోటీన్‌నే కరిగించుకుంటుంది. ఆకలి బాగానే వేస్తుంది, మనిషి మాత్రం చిక్కిపోతాడు. నేల మీద కూర్చుని లేవాలంటే తొడలు సహకరించవు, ఆల్బుమిన్ కూడా కాస్త తగ్గవచ్చు. వాళ్లు జబ్బు అదుపులోకి వచ్చేదాకా మామూలు కంటే ఎక్కువ తినాలి, తగ్గించకూడదు. హార్మోన్ బాగా తగ్గిపోయిన వాళ్లలో మరో తీరు. సన్నని రక్తనాళాల గోడల్లోంచి ఆల్బుమిన్ బయటికి జారుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బులో ఆల్బుమిన్‌తో పాటు టీబీజీ, దానికి అంటుకున్న హార్మోన్ కూడా మూత్రంలో పోతాయి. కాళ్లవాపు, మూత్రం నురగగా రావడం ఉన్నవాళ్లు థైరాయిడ్ రిపోర్టుతో పాటు మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. మీకు ఇవేవీ లేవు.

తిండిలో ప్రోటీన్ బాగా తగ్గితే టీబీజీ, ట్రాన్స్‌థైరెటిన్, ఆల్బుమిన్ మూడూ పడిపోతాయి. ఈ రెండు సంగతులనూ, అంటే ప్రోటీన్ కొరతనూ గొంతు వాపునూ, జీవితమంతా పట్టుకుని పనిచేసిన పెద్దమనిషి మీ జిల్లావారే. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖలో వైద్యం చదివారు, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా చేశారు. 1956లో హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయలో ఆయన బృందం ఊళ్లను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించింది. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతు వాపులు బాగా తగ్గాయి. మామూలు ఉప్పు తిన్నచోట అలాగే ఉన్నాయి. 1962లో జాతీయ గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి ఆ పని పునాది. తిండిలో లోపాన్ని సరిచేస్తే గొంతు వాపు తగ్గుతుందని ఆయన చూపించింది అయోడిన్ విషయంలో. ప్రోటీన్ తీసేస్తే తగ్గుతుందని ఎవరూ, ఎక్కడా చూపించలేదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. నౌపడ ఉప్పు మళ్లు మీ జిల్లాలోనే ఉన్నాయి. సముద్రపు ఉప్పు కదా, అయోడిన్ ఉండకపోతుందా అనుకుంటారు చాలామంది. నీళ్లు ఎండి మిగిలిన ఉప్పులో అది లెక్కలోకి రానంత తక్కువ. బయటి నుంచి కలపాల్సిందే. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. కల్లుప్పు వాడినా, సైంధవ లవణం వాడినా ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూడండి. మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. కూర దించే ముందు వేస్తే అయోడిన్ అంతగా వృథా కాదు. అయితే యాంటీబాడీలు ఉన్నాయి కాబట్టి అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు. అతి అయోడిన్ హషిమోటో ఉన్నవాళ్లలో హార్మోన్‌ను ఇంకా తగ్గించగలదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తింటే ఏ ఇబ్బందీ లేదు.

భోజనం సంగతి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఆరేడు గ్రాములు, గిన్నెడు ముద్దపప్పులో ఏడు గ్రాములకు అటూఇటూ, గ్లాసు పాలలో ఆరేడు, వంద గ్రాముల చేపలో 18, 20. పొద్దున ఇడ్లీతో పాటు గుడ్డు, మధ్యాహ్నం పప్పు, పెరుగు, రాత్రి మళ్లీ పప్పో చేపో, మధ్యలో గుప్పెడు పల్లీలో సెనగలో తినండి. అన్నంలో ఉండేది కూడా కలుస్తుంది, 50 దాటుతారు. నెల రోజులు తిన్నాక కూడా నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, విటమిన్ బి12 చూపించుకోండి. నెలసరి ఇబ్బందికి మాత్ర వాడుతున్నారంటే రక్తం తగ్గి ఉండే అవకాశం కొట్టిపారేయలేం. హషిమోటో ఉన్న కొందరిలో బి12 కూడా తగ్గుతుంది.

కొన్ని మార్పులు కనిపిస్తే మాత్రం ఏడాది ఆగవద్దు. గడ్డ వారాల్లో గబగబా పెరిగినా, రాయిలా గట్టిపడినా, గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా, మెడ పక్కన కొత్తగా బిళ్లలు తగిలినా, ముద్ద దిగకపోయినా, పడుకుంటే ఊపిరాడనట్టున్నా వెంటనే ఎండోక్రైనాలజిస్టుకో, ఈఎన్‌టీ సర్జన్‌కో చూపించండి. టీచర్‌గా మీకు గొంతు బొంగురుపోవడం మామూలే అనిపిస్తుంది. సెలవుల్లో కూడా తగ్గకపోతే తేలిగ్గా తీసుకోవద్దు.

మీ అమ్మాయికి ఈ ప్యాకేజీలేవీ వద్దు. తనను అద్దం ముందు నిలబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ఒక గుక్క నీళ్లు మింగమనండి. గొంతు కింది భాగంలో ఏదైనా ఉబ్బుగా పైకి కిందికి కదులుతోందేమో చూడండి. ఎత్తు పెరగడం ఆగినా, చదువులో మందకొడితనం వచ్చినా, నెలసరి క్రమం తప్పినా, అకారణంగా లావెక్కుతున్నా, చిక్కిపోతున్నా టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి. అమ్మమ్మకూ అమ్మకూ థైరాయిడ్ ఉంది కాబట్టి ఇవేవీ లేకపోయినా ఒకసారి టీఎస్‌హెచ్ చేయించినా తప్పులేదు. థైరోగ్లోబ్యులిన్ మాత్రం తనకు అక్కర్లేదు.